ఊరనివ్వాలి: రాసేవాళ్లకి విరామం ఎందుకు, ఎలాంటి విరామం

వ్యాసుడు చెబుతుంటే వినాయకుడు భారతం రాసిన కథ మనందరికీ తెలిసిందే. నా గంటం ఆగకూడదు, మధ్యలో ఆపితే లేచి వెళ్లిపోతానని వినాయకుడు షరతు పెట్టాడు. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. దానికి వ్యాసుడు పెట్టిన ఎదురు షరతు గురించి మాత్రం కొంచెం తక్కువ మంది చెబుతారు: అర్థం చేసుకోకుండా ఒక్క ముక్క కూడా రాయకూడదు. వినాయకుడు సరేనన్నాడు. ఇక వ్యాసుడు చెబుతూ చెబుతూ మధ్యలో చిక్కుముడి లాంటి శ్లోకం ఒకటి వదిలేవాడు, అంతటి సర్వజ్ఞుడూ ఒక్క క్షణం ఆగి ఆలోచించుకునేవాడు, ఆ సందులో ఈయన ముందు చెప్పబోయే శ్లోకాలు బోలెడు కట్టుకునేవాడు. అలాంటి ముడి శ్లోకాలు 8,800 ఉన్నాయంటారు. పుణెలోని భండార్కర్ సంస్థ వాళ్లు రకరకాల రాతప్రతుల్ని పోల్చి భారతానికి సంశోధిత ప్రతి తయారుచేసినప్పుడు ఈ ఘట్టం తర్వాత చేరిందేనని తేల్చి మూలంలోంచి పక్కకి తీసేశారు. అయినా సరే, దీన్ని చేర్చినవాడెవరో తప్పకుండా రాసే పనిలో ఉన్నవాడే అయ్యుంటాడని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఆగడానికి చోటు వెతుక్కోవడం కూడా రాతలో ఒక పనేనని తెలిసినవాడికే ఇలాంటి కథ తడుతుంది.

నేను దాదాపు రెండేళ్లు అలాంటి చోటేదీ వెతుక్కోకుండా రాశాను. పగలు అనువాదాలు, రాత్రి తొమ్మిది దాటాక ఫోన్లో చదివే సీరియల్స్, ఒకటి అయిపోతే ఇంకొకటి, రోజుకో ఎపిసోడ్, ఎపిసోడ్‌కి వెయ్యి పదాలు తగ్గకూడదు. మొదట్లో బాగా నడిచింది, నిజం చెప్పాలంటే ఆ మొదటి మూడు నెలలు రాత విషయంలో నా జీవితంలోనే మంచి రోజులు. తర్వాత మెల్లగా తేడా మొదలైంది. పాత్రలన్నీ ఒకేలా మాట్లాడుతున్నాయి. ప్రతి ఎపిసోడూ ఎవరో ఒకరు కిటికీ దగ్గరికెళ్లి బయటికి చూడటంతో ముగుస్తోంది. ఇది నాకు కనబడటం లేదు. రెండో సీరియల్ 118వ ఎపిసోడ్‌లో శారద వాళ్ల నాన్న పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలోకి వచ్చి "ఏమ్మా, రాత్రి నిద్ర పట్టలేదా?" అన్నాడు. గంట తిరక్కుండా ఒక పాఠకురాలి దగ్గర్నుంచి మెసేజ్: "ఆయన 31లోనే పోయారు కదండీ. దశదినకర్మ కూడా మీరే రాశారు." నిజమే. అది రాసిన రాత్రి నేను ఏడ్చాను కూడా. ఏడుస్తూ రాసిన చావునే మర్చిపోయేంతగా మనసు మొద్దుబారిందన్నమాట.

వారం రోజులు ఆపుతానని అడిగితే సీరియల్ వేసేవాళ్ల నుంచి వచ్చిన జవాబు ఇది: "గ్యాప్ వస్తే రీడర్స్ వేరే సీరియల్‌కి వెళ్లిపోతారండీ. కావాలంటే కొన్నాళ్లు ఎపిసోడ్లు చిన్నవి చేయండి." వాళ్ల లెక్క వాళ్లది. నేను గట్టిగా మాట్లాడలేకపోవడానికి కారణం, విరామం ఎందుకు కావాలో నాకే సరిగ్గా తెలియకపోవడం. అలసిపోయాను అందామంటే, అలసిపోనిదెవరు అనే మాట ముందు నా మనసులోనే వచ్చేది. ఆ తర్వాత చదివింది, చుట్టూ రాసేవాళ్లని చూసింది, నా మీద నేను చేసి చూసుకున్నది కలిపి ఇక్కడ పెడుతున్నాను.

ముందు ఒక గందరగోళం విప్పాలి. "కొన్నాళ్లు బ్రేక్ తీసుకో" అనే సలహా ఒక్కటే గానీ, అది వినేవాళ్ల ఇబ్బందులు ఒక్కటి కావు. కథ ఒకచోట చిక్కుపడి కదలనివాళ్లున్నారు. రాసిందాన్నే పదిసార్లు చదివి చదివి ఇక మంచీ చెడూ తెలియనివాళ్లున్నారు. చెప్పడానికి లోపల ఏమీ మిగలనివాళ్లున్నారు. కూర్చోవాలంటేనే భయం పట్టుకున్నవాళ్లు వేరే. వీళ్లందరికీ మనం ఒకే మందు రాసిస్తున్నాం. మొదటివాళ్లకి ఒక సాయంత్రం చాలొచ్చు, రెండోవాళ్లకి వారాలు కావాలి, మూడోవాళ్లకి నెలలు, ఒక్కోసారి ఏళ్లు, నాలుగోవాళ్లకి మాత్రం ఎంత ఆగితే అంత చేటు. ఒకరు "అలా నడిచి వచ్చేసరికి తేలిపోయింది" అంటే ఇంకొకరు "ఆరు నెలలు ఆపినా ఏమీ ఒరగలేదు" అంటారు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

చిక్కుపడటం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే దీని మీద మనుషులు చాలా కాలంగా ఆలోచించారు. ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త ఆన్రీ పొయింకారె 1908లో ఒక ఉపన్యాసంలో తన అనుభవం చెప్పాడు. ఒక లెక్క మీద రోజుల తరబడి బల్ల ముందు కుస్తీ పట్టాడు. తర్వాత కాన్ అనే ఊరి నుంచి భూగర్భ పరిశోధకుల బృందంతో కలిసి ఒక యాత్రకి వెళ్లాడు, ఆ ప్రయాణం హడావుడిలో లెక్కల సంగతే మర్చిపోయాడు. కూతాన్స్ అనే చోట గుర్రపు బండి ఎక్కబోతూ మెట్టు మీద కాలు పెట్టాడు, ఆ క్షణంలో, అంతకుముందు దానికి దారి తీసే ఆలోచన ఏదీ లేకుండానే, తనకి కావాల్సిన విషయం మనసులోకి వచ్చేసింది. బండిలో కూర్చుని పక్కవాళ్లతో మాటల్లో పడ్డాడు, తిరిగి ఊరికి వచ్చాక తీరిగ్గా సరిచూసుకున్నాడు. ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఆ మెట్టు దగ్గర ఆగిపోతారు. పొయింకారె మాత్రం ఆగలేదు. లోపల తెలియకుండా జరిగే ఆ పని ఫలించాలంటే దానికి ముందూ వెనకా తెలిసి చేసిన కష్టం ఉండి తీరాలని ఖచ్చితంగా చెప్పాడు. విరామం మహిమ గురించి మాట్లాడేటప్పుడు మనం జారవిడిచే ముక్క ఇదే.

1926లో గ్రాహం వాలస్ అనే ఆంగ్లేయుడు ఇలాంటి అనుభవాలన్నీ పోగుచేసి కొత్త ఆలోచన నాలుగు దశల్లో పుడుతుందన్నాడు: సిద్ధం కావడం, పొదగడం, తట్టడం, సరిచూసుకోవడం. కోడి గుడ్లని పొదిగినట్టు అన్నది మంచి పోలికే గానీ మనకి ఇంకా దగ్గరి మాట ఉంది, ఊరడం. ఆవకాయ కలిపిన రోజున తింటే కారం కారంగా, ఉప్పు ఉప్పుగా, ముక్క ముక్కగా దేనికది ఉంటుంది. జాడీకి వాసెన కట్టి మూడు రోజులు వదిలేసి, మూడో రోజు తిరగ కలిపి రుచి చూస్తే అన్నీ ఒకదానికొకటి పట్టి ఉంటాయి. ఆ మూడు రోజులూ ఎవరూ ఏమీ చేయలేదు. కానీ అంతకుముందు కాయ కొట్టడం, తుడవడం, ఆవాలు దంచడం, కొలత ప్రకారం నూనె పోయడం, ఇవన్నీ అయ్యాయి. ఉత్త జాడీకి వాసెన కట్టి ఎన్నాళ్లు ఉంచితే ఏం లాభం?

ఇది పోలికతో తేలే విషయం కాదు కాబట్టి ప్రయోగాల సంగతి కూడా చెప్పాలి. ఆగితే ఆలోచన తడుతుందా అన్నదాని మీద జరిగిన 117 అధ్యయనాలని సియో, ఓర్మెరాడ్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో ఒకచోట చేర్చి లెక్కగట్టారు. విరామం పనిచేస్తుందనే తేలింది. అంతకన్నా పనికొచ్చే సంగతులు ఇంకో రెండు బయటపడ్డాయి. ఆపే ముందు ఎంత ఎక్కువసేపు ఆ సమస్యతో తలపడితే ఆగిన ఫలితం అంత ఎక్కువ. మాటలకి సంబంధించిన చిక్కుల్లో, విరామంలో మనసుకి పెద్ద బరువులేని తేలిక పని ఏదైనా చేస్తే ఫలితం ఇంకా బాగుంది, బరువైన పని పెట్టుకుంటే అంత లేదు. ఎందుకిలా అన్నదానికి రకరకాల వివరణలున్నాయి. నాకు బాగా నమ్మకం కలిగించింది ఏమిటంటే, మనం చిక్కుపడినప్పుడు ఒక తప్పుదారి పట్టి అందులోనే తిరుగుతుంటాం, ఎంత గింజుకుంటే ఆ దారి అంత తొక్కిడి పడి గట్టిపడుతుంది, పని పక్కన పెడితే ఆ దారి మీద గడ్డి మొలుస్తుంది, అప్పుడు మిగతా దారులు కూడా కంటికి ఆనతాయి. అంటే విరామంలో గొప్ప విషయాలు కనిపెట్టడం కన్నా పనికిరానివి మర్చిపోవడమే ఎక్కువ జరుగుతుందేమో. మర్చిపోవడం ఇంత మంచి పనని నాకు ఇదివరకు తెలీదు.

నడక సంగతి కూడా ఇక్కడే. స్టాన్‌ఫర్డ్‌లో మేరిలీ ఒపెజ్జో, డానియల్ ష్వార్ట్జ్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, కూర్చున్నప్పటికన్నా నడుస్తున్నప్పుడు మనుషులకి కొత్త ఆలోచనలు సగటున 60 శాతం ఎక్కువ వచ్చాయి. పచ్చటి తోటల్లోనే నడవనక్కర్లేదు, ట్రెడ్‌మిల్ మీద ఖాళీ గోడకేసి చూస్తూ నడిచినా పనిచేసింది. అయితే ఒకే ఒక్క సరైన జవాబు పట్టుకోవాల్సిన పరీక్షల్లో నడక సాయపడలేదు, కొంచెం అడ్డే వచ్చింది. దీన్నిబట్టి నేను నేర్చుకున్నది, కథ ఎటు పోవాలో తోచనప్పుడు చెప్పులేసుకుని బయటికి పోవచ్చు గానీ ప్రూఫులు దిద్దాలంటే కుర్చీలో కూర్చోవాల్సిందే.

ఇప్పుడు ఫోన్. రాయడం ఆపి అరగంట ఫోన్ చూస్తే అది విరామం అవుతుందనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. 2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు ఒక విషయం చూపించింది: ఒక పని సగంలో వదిలి ఇంకో పనికి మారినప్పుడు మన ధ్యాస మొత్తం మారదు, కొంత పాతదానికే అంటుకుని ఉంటుంది, ఆ మేరకు కొత్త పని చెడుతుంది. అరగంటలో నలభై రకాల వీడియోలు, ఇద్దరి తగాదా, ఒకరి చావు కబురు, ఒక వంట చూసి తిరిగి కథ దగ్గరికొస్తే, వాటన్నిటి తాలూకు తడి చేతులకి అంటుకునే ఉంటుంది. అదీగాక రాసేవాళ్లు అలిసిపోయేది మాటలతో, ఫోన్లో ఉన్నదీ మాటలే. రోజంతా బస్తాలు మోసినవాడు సాయంత్రం బియ్యం మూట ఎత్తుకుని ఇదే నా విశ్రాంతి అంటే ఒప్పుకుంటామా! గిన్నెలు కడగడం, బట్టలు మడతపెట్టడం, మొక్కలకి నీళ్లు పోయడం, చేతులు కదులుతూ నోరు మూసుకుని ఉండే పనులు, ఇవి మేలు. మా ఇంట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీసే పని ఇప్పుడు నాదే, అడిగి తీసుకున్నాను.

రెండోది, చూపు పోవడం. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, రాసేవాళ్లందరికీ అనుభవమే. నిన్న రాసింది ఇవాళ చదివితే కాగితం మీద ఉన్నది కాదు, మన మనసులో ఉన్నది చదువుతాం. లేని మాట ఉన్నట్టు కనిపిస్తుంది, రెండుసార్లు పడిన మాట ఒకసారే కనిపిస్తుంది, చెప్పని కారణం చెప్పినట్టే అనిపిస్తుంది. దీనికి కాలం తప్ప మందు లేదు, మనసులో ఉన్నది చెరిగిపోవాలి. స్టీఫెన్ కింగ్ చిత్తుప్రతిని సొరుగులో పెట్టి కనీసం 6 వారాలు ముట్టుకోవద్దంటాడు. రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ కవి హొరేస్ అయితే తొమ్మిదో ఏడు వచ్చేదాకా దాచమన్నాడు. తొమ్మిదేళ్లు మనవల్ల కాదు గానీ వారపత్రికకి పంపే కథని పది రోజులైనా దాచుకోవచ్చు. ఈ పది రోజులూ ఖాళీగా కూర్చోనక్కర్లేదు, వేరేది రాసుకోవచ్చు. ఇది రాతకి ఇచ్చే విరామం, మనిషికి కాదు.

మూడోది నన్ను పట్టుకున్నది. ఊట ఎండిపోవడం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో బర్నవుట్‌ని జబ్బుగా కాకుండా పని వల్ల వచ్చే పరిస్థితిగా చేర్చి మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో సత్తువంతా అయిపోయినట్టుండటం, చేసే పని మీద మనసు విరిగిపోవడం లేదా చులకన భావం రావడం, చేతనైన పనే చేతకాకపోవడం. రాసేవాళ్లలో ఈ రెండోది చాలా మెల్లగా వస్తుంది కాబట్టి దాన్ని గమనించుకోవాలి. నాకు ఎలా వచ్చిందంటే, పాఠకుల ఉత్తరాలు చదవడం మానేశాను, ఇంకొకరి మంచి కథ చదివితే సంతోషం బదులు విసుగు పుట్టేది, శారదకి ఏమవుతుందో అన్న ఆత్రం నాకే లేదు. రాసేవాడికే లేని ఆత్రం చదివేవాళ్లకి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంతకన్నా ముదిరి, వారాల తరబడి నిద్రా తిండీ తప్పి, దేని మీదా ఆశ లేకుండా పోతే అది రాతకి సంబంధించిన విషయం కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, ఆ పని ఒక్కరోజు కూడా వాయిదా వేయకూడదు.

ఊట ఎండినప్పుడు వారం సెలవు చాలదు. ఎందుకంటే ఇక్కడ అయిపోయింది ఓపిక ఒక్కటే కాదు, సరుకు కూడా. రాసేవాళ్లు చూసింది, విన్నది, పడ్డది ఖర్చుపెట్టి రాస్తారు. రోజంతా రాస్తూనే ఉంటే మళ్లీ చూసేదెప్పుడు? దీనికి మన తెలుగులోనే గొప్ప ఉదాహరణ ఉంది. కాళీపట్నం రామారావు గారు, కారా మాస్టారు, విశాఖలో బడిపంతులుగా పనిచేస్తూ కథలు రాశారు. కథ మీద పట్టు వచ్చింది, కథలు అచ్చవుతున్నాయి. సరిగ్గా ఆ సమయంలో, జీవితం గురించి తనకి తెలిసింది చాలా తక్కువ అనిపించి రాయడం ఆపేశారు. ఒక నెలా రెండు నెలలా కాదు, దాదాపు 8 ఏళ్లు. లోకాన్ని చూశారు, చదివారు, ఆలోచించారు. ఆ తర్వాత 1964లో వచ్చింది 'యజ్ఞం'. ఒక పల్లెలో అప్పు చుట్టూ జరిగే పంచాయితీని అంత లోతుగా, అంత ఓపిగ్గా చెప్పిన కథ మన భాషలో మళ్లీ రాలేదని నా నమ్మకం. అది ఆ 8 ఏళ్లూ ఆగకుండా నెలకో కథ రాసిన చెయ్యి రాయగలిగేది కాదని కూడా నమ్ముతాను. ఆయన ఆగింది చేతకాక కాదు, తెచ్చుకోవడానికి. ఈ తేడా పట్టుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి.

తెచ్చుకోవడమంటే ప్రతివాళ్లూ ఏళ్ల తరబడి ఆపాలని కాదు. పని మార్చినా కొంత దొరుకుతుంది. రవీంద్రనాథ్ ఠాగూర్ రాతప్రతుల్లో కొట్టివేతల్ని గీతలతో కలుపుతూ బొమ్మలుగా మార్చేవారు, ఆ అలవాటే పెరిగి పెద్దదై అరవై దాటాక చిత్రకారుడయ్యారు, 1930లో పారిస్‌లో ఆయన చిత్రాల ప్రదర్శన జరిగింది. మాట రానిచోట రంగు వచ్చింది. మనలో ఎవరికైనా అది వీణ కావచ్చు, పొలం కావచ్చు, కుట్టుమిషన్ కావచ్చు. మాటలు అక్కర్లేని పని ఏదైనా ఒకటి చేతిలో ఉండటం మంచిది.

భయం సంగతి చెప్పి ముందుకెళ్తాను. బాగా రాయలేనేమో, నవ్వుతారేమో, మొదటి నవల లాగా రాదేమో అన్న టెన్షన్‌కి విరామం అని పేరు పెట్టుకుని తిరిగేవాళ్లని నేను చాలామందిని చూశాను, కొన్నాళ్లు నేనూ అందులో ఉన్నాను. పోల్చుకోవడం కష్టం కాదు. నిజమైన విశ్రాంతిలో రోజులు గడిచేకొద్దీ బరువు తగ్గుతుంది, తప్పించుకోవడంలో పెరుగుతుంది. రాయకపోయినా రాతే గుర్తొస్తూ కడుపులో తిప్పుతుంటే అది సెలవు కాదు. దానికి మందు రోజూ పది నిమిషాలు, ఎవరికీ చూపించనవసరం లేని నాలుగు వాక్యాలు.

ఇక డబ్బు మాట. ఇది దాటేసి విరామం గురించి మాట్లాడటం అన్యాయం. ఎపిసోడ్‌కి ఇంత, పదానికి ఇంత అని బతికేవాళ్లకి ఆగడమంటే ఆ వారం రాబడి ఆగడం. మనకి సీరియల్ రాత కొత్తది కాదు, వారపత్రికలు రాజ్యమేలిన రోజుల్లో ఒకేసారి రెండు మూడు పత్రికలకి సీరియల్స్ రాసినవాళ్లున్నారు, కానీ అప్పుడు గడువు వారానికొకటి, ఇప్పుడు రోజుకొకటి. చార్లెస్ డికెన్స్ కూడా భాగాలుగా రాసినవాడే, నెలనెలా గడువు తప్పనివాడే. 1837 మే నెలలో ఆయన మరదలు మేరీ పదిహేడేళ్ల వయసులో హఠాత్తుగా పోయింది. అప్పుడు ఆయన రెండు నవలలు ఒకేసారి రాస్తున్నాడు, పిక్విక్ పేపర్స్, ఆలివర్ ట్విస్ట్. ఆ నెల రెండూ ఆగిపోయాయి. పాఠకులు ఎక్కడికీ పోలేదు, తర్వాతి నెల అక్కడే ఉన్నారు. డికెన్స్‌తో మనకి పోలికేమిటంటారు, ఒప్పుకుంటాను. అయినా పాఠకుల్ని మనం అనుకునేంత తొందరపాటు మనుషులుగా చూడక్కర్లేదు. 31లో పోయిన మనిషిని 118లో గుర్తుపెట్టుకున్నావిడ పది రోజులు ఆగలేదా? చేతనైనంతలో ముందే ఒక పది ఎపిసోడ్లు రాసిపెట్టుకుని, ఆగే తేదీ, తిరిగొచ్చే తేదీ రెండూ ముందుగా చెప్పి ఆగితే నష్టం తక్కువ. ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడే ఏడాదికి ఇన్ని వారాలు సెలవు అని రాయించుకోవాలి. రచయితలు కలిసి అడిగితే ఇది గొంతెమ్మ కోరికేం కాదు.

రోజూ రాయాలి అనేవాళ్ల మాట మరి? వాళ్లకి ఆదిగురువు లాంటివాడు ఆంథొనీ ట్రాలప్. తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ 47 నవలలు రాశాడు. పొద్దున అయిదున్నరకి బల్ల ముందు ఉండేవాడు, లేపి కాఫీ ఇచ్చినందుకు పనివాడికి ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాడు, గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకి 250 పదాలు. ఇదంతా వింటే గుండె గుభేల్మంటుంది. కానీ ఇంకోసారి చూడండి: రోజుకి 3 గంటలే. ఎనిమిదున్నరకి కలం కింద పెట్టి రాతతో సంబంధం లేని లోకంలోకి వెళ్లిపోయేవాడు. రోజూ రాసినవాడు రోజూ ఆగాడు కూడా. మనం ఆయన నుంచి మొదటి సగం నేర్చుకుని రెండో సగం వదిలేశాం.

రోజూ ఎక్కడ ఆగాలి అన్నది ఇంకో ప్రశ్న. అంతా అయిపోయేదాకా రాసి అలిసి పడిపోవడం మన అలవాటు. హెమింగ్వే దీనికి ఎదురు చెప్పాడు: తర్వాత ఏం జరగబోతోందో ఇంకా తెలిసి ఉన్నప్పుడే ఆపెయ్యాలి, బావిలో అడుగున నీళ్లుండగానే తోడటం ఆపితే రాత్రికి ఊటలు మళ్లీ నింపుతాయని. ఇది చదివినప్పుడు నాకు బావి కాదు, మా జేజి గుర్తొచ్చింది. ఎండాకాలం పెన్నలో నీళ్లుండవు, కనుచూపు మేరా ఇసకే. జేజి బిందె పెట్టుకుని ఏట్లోకి దిగి, మోకాళ్ల మీద కూర్చుని చేతులతో ఇసక తోడి చెలమ తీసేది. మూరెడు లోతుకి వెళ్లేసరికి ఇసక రంగు మారుతుంది, తర్వాత అడుగున అరచేతంత నీళ్లు. నేను కొబ్బరిచిప్ప తీసుకుని గబగబా తోడబోతే చెయ్యి పట్టుకునేది: "యాల అంత తొందర? ఊరనీ." వినకుండా అడుగుదాకా ముంచితే చిప్పలోకి ఇసకే వచ్చేది, పైగా అంచులు జారి చెలమంతా పూడిపోయేది. రెండు చిప్పలు తోడి పక్కన కూర్చోవాలి. కాసేపటికి మళ్లీ రెండు. బిందె నిండేసరికి పొద్దు గూట్లో పడేది, కానీ బిందెలో నీళ్లు తేటగా ఉండేవి. ఇప్పుడు రాత్రిళ్లు నేను దృశ్యం పూర్తికాకుండానే, ఒక్కోసారి వాక్యం సగంలో ఆపేస్తున్నాను, పక్కనే రెండు ముక్కలు రాసిపెట్టుకుని. సగంలో ఆగిన పని మనసులో మెదులుతూనే ఉంటుందని 1927లోనే బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ పరిశోధకురాలు అన్నది, తర్వాతి ప్రయోగాల్లో ఆ మాట అన్నిసార్లూ నిలబడలేదు గానీ నా విషయంలో మర్నాడు మొదలుపెట్టడం తేలికయింది, అంతవరకు చాలు.

తిరిగి రావడం ఆగడం కన్నా కష్టం. సెలవు అయిపోయిన మొదటి రోజే కొత్త పేజీ రాద్దామని కూర్చుంటే చెయ్యి మొరాయిస్తుంది. ట్రాలప్ రోజూ మొదటి అరగంట నిన్న రాసింది చదువుకోవడానికే వాడేవాడు, పెద్ద విరామం తర్వాత ఆ అరగంటని రెండు రోజులు చేసుకోవచ్చు. నేను ఆపిన చోటికి ముందున్న రెండు పేజీలు నోట్‌బుక్‌లోకి చేత్తో ఎత్తి రాసుకుంటాను. రాస్తుంటే పాత్రల గొంతులు వినబడటం మొదలవుతుంది, తప్పులు కూడా వాటంతటవే కనబడతాయి.

ఆగితే మళ్లీ రాయనేమో అన్న భయం కూడా ఉంటుంది, ఉండటంలో తప్పులేదు, అలా జరుగుతుంది కూడా. కారా మాస్టారే తర్వాతి దశాబ్దాల్లో కథలు రాయడం బాగా తగ్గించేశారు. 'యజ్ఞంతో తొమ్మిది'కి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి, తెలుగులో వచ్చిన కథలన్నీ, ఎవరివైనా సరే, ఒకచోట చేర్చే పనిలో పడ్డారు. పత్రికల పాత సంచికల కోసం ఊళ్లు తిరిగారు. కథకి ఆయన చేసిన సేవలో ఏ భాగం పెద్దదో నేను తేల్చలేను.

నా సంగతి అంత పెద్దది కాదు. శారద సీరియల్‌ని 131 దగ్గర ఆపాను, 19 రోజులు. మొదటి వారం ఊరికే పడుకున్నాను. తర్వాత ఊరెళ్లాను. పన్నెండో రోజు మధ్యాహ్నం బస్సులో, కిటికీ పక్క సీటు, ఎండ ముఖం మీద పడుతోంది, కథ గురించి ఆలోచించడం లేదు, ముందు సీట్లో ఒకావిడ స్టీలు టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని మూత మీద చెయ్యి వేసి కూర్చుంది. అప్పుడు తెలిసింది శారద నాన్న 118లో ఎందుకు తిరిగొచ్చాడో. 31లో ఆయన్ని చంపి, కర్మలు చేయించి, 33కల్లా పెళ్లిచూపుల్లో పడ్డాను. ఆ ఇంట్లో ఎవరినీ సరిగ్గా ఏడవనివ్వలేదు. అది మర్చిపోవడం వల్ల జరిగిన తప్పే గానీ, కథకి కావాల్సింది కూడా అందులోనే ఉంది.

తిరిగొచ్చాక పాఠకులకి చెప్పి 118 మళ్లీ రాశాను. ఇప్పుడందులో వాళ్లమ్మ పొద్దున్నే లేచి అలవాటు ప్రకారం రెండు గ్లాసుల కాఫీ కలుపుతుంది. ఒకటి తను తాగుతుంది. రెండోది తీసుకెళ్లి వరండాలో కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టి, కాసేపు నిలబడి, తనే లోపలికి తెచ్చి సింకులో పారబోసి గ్లాసు కడుగుతుంది. శారద గుమ్మంలోంచి చూస్తుంది. "ఏమ్మా, లేచావా" అంటుంది అమ్మ, వెనక్కి తిరక్కుండానే.